రెండున్నర మొగురాలు

మా తమ్ముడు కరీంనగర్ శివారులో ఇల్లు కడుతున్నాడు. పునాది, స్లాబు, కరెంటు, నల్లాలు అన్నీ తనే చూసుకున్నాడు. ఇంటి ముందరి వసారా ఒక్కటి తనకు వదిలేయమని మా మరదలు సునీత అడిగింది. ఆమెకు సిమెంటు స్తంభాలు వద్దు, పాతకాలపు టేకు మొగురాలు కావాలి. అవి ఇప్పుడెక్కడా దొరకవు, సిమెంటువే పోస్తానని తమ్ముడి పంతం. మొగురం అంటే మా వైపు ఇంటి కప్పును మోసే కొయ్య స్తంభం. ఇవి ఈమధ్య ఇళ్లలో కంటే హోటళ్లలో ఎక్కువ కనిపిస్తున్నాయి.

సునీత సర్కారు బడిలో లెక్కల టీచర్. అదే బడిలో పనిచేసే ఇంకో టీచర్‌ది భైంసా దగ్గర ఒక పల్లె. తమ ఊళ్లో ఒక పెద్దామె పాత ఇంటి మొగురాలు అమ్ముతానంటోందని ఆమె ఒక ఫోటో చూపించింది. ఫోటోలో సగం మొగురాలు, సగం ఆరేసిన చీర. సునీతకు అది చాలింది. కొత్త ఇంట్లో ప్రార్థన పెట్టుకోవడానికి పాస్టరు గారికి తేదీ కూడా చెప్పేసింది.

నన్ను వెంట రమ్మనడానికి కారణం, నేను ఇంజనీరింగ్ ఆఫీసులో డ్రాయింగులు గీసి రిటైరయ్యాను. ఇప్పుడు పాత ఇళ్ల అరుగులు, వసారాలు గీస్తూ తిరుగుతాను. నడక ఉంటుంది కాబట్టి ఆరోగ్యానికి మంచిదని మా ఇంట్లో వాళ్లు ఏమీ అనరు. ఈ పిచ్చి బెల్లంపల్లిలో అంటుకుంది. మా బాపు బొగ్గు బాయిలో పనిచేసేవాడు. క్వార్టర్లన్నీ ఒకటే అచ్చు: ముందు వరండా, రెండు గదులు, వెనక పెరడు. బడి నుంచి వస్తూ పొరపాటున పక్కింటి వరండా ఎక్కి అన్నానికి కూర్చున్న రోజులున్నాయి. వాళ్లు పెట్టేవాళ్లు కూడా. అప్పటి నుంచి ఇంటి ముందుభాగంలో ఏదో ఒక తేడా వెతుక్కోవడం అలవాటైంది.

రెండో శనివారం పొద్దున ఆరున్నరకు కరీంనగర్ బస్టాండులో నిజామాబాద్ బస్సు ఎక్కాం. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. కండక్టర్ ఆధార్ కార్డు చూసి, మా ముఖాలు చూసి, సున్నా టికెట్టు కొట్టి ఇచ్చాడు. సునీత కార్డులో ఫోటో పెళ్లికి ముందుది. ఆయన కొంచెం ఎక్కువసేపు చూశాడు. సీట్లు జగిత్యాలలో దొరికాయి.

అనుసరించి రాదలచినవారికి చెప్పవలసిన మాట: అరుగులు చూడాలంటే బస్సులో ఎడమవైపు, కుడివైపు అని తేడా లేదు, బస్సు ఆగిన చోట చూడాలి. మా కరీంనగర్ పాత వీధుల్లో ఇప్పుడు అరుగులు మునిగిపోతున్నాయి. రోడ్డు మీద రోడ్డు పోసుకుంటూ పోవడం వల్ల ఒకప్పుడు మూడు మెట్లు ఎక్కవలసిన అరుగుకి ఇప్పుడు ఒక మెట్టు దిగాలి. జగిత్యాల నుంచి కోరుట్ల దాటేదాకా మాత్రం అరుగులు ఇంకా పైనే ఉన్నాయి. తలుపుకి అటొకటి ఇటొకటి, చుట్టూ నున్నటి షాబాదు బండలు, మీద చేటలు పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు.

కోరుట్లలో తునికాకు మూటతో ఒకామె ఎక్కి నా పక్కన కూర్చుంది. నా చేతిలో బొమ్మల పుస్తకం చూసి ఏం గీస్తున్నావని అడిగింది. చెప్పాను.

"అరుగులను గీసుడేంది?" అంది. కొంతసేపు ఆలోచించి, "గని అరుగు లేని ఇల్లు కిరాయికి తీసుకోం మేము. లోపట చీకటి. బీడీకి వెలుగు గావాలె, మాటకు మనిషి గావాలె" అని మెట్‌పల్లిలో దిగిపోయింది.

ఆర్మూర్‌లో బస్సు మారాం. తొమ్మిదిన్నరకు ఇడ్లీ తిన్నాం. చట్నీ బాగుంది, ఇడ్లీ గురించి రాయడానికేమీ లేదు. సోన్ దగ్గర గోదావరి దాటి, పదకొండు దాటాక నిర్మల్‌లో దిగాం. బస్టాండు ఎదురుగా లాడ్జిలో గది తీసుకుని సామాను పెట్టి, ఆ మధ్యాహ్నమంతా పాత వీధుల్లో తిరిగాం. నిర్మల్‌లో రాతి పని ఎక్కువ. అరుగు కింద నల్లరాయి, మీద కొయ్య, కొయ్య మీద గూన పెంకులు, పెంకుల మీద కోతులు. ఒక ఇంటి దర్వాజా చుట్టూ చెక్కిన తీగ ఎంత బాగుందో చెప్పలేను, ఎందుకంటే సగం తీగకు అడ్డంగా కూలర్ నిలబెట్టారు. ఆ ఇంటాయన మంచి మనిషి. నేను గీస్తుంటే కూలర్ జరపనా అని అడిగాడు. జరిపితే వెనక గోడకి కన్నం కనబడుతుందని ఆయనే మానుకున్నాడు.

"వదినె, గిసొంటివే గదా మనకు గావాల్సినవి?" అని సునీత ప్రతి మొగురం దగ్గరా అడిగింది. కౌగిలించుకుని మందం చూసింది. వీధిలో వాళ్లు మమ్మల్ని చూసి ఏమనుకున్నారో నాకు తెలియదు.

ఆదివారం ఆరాధన తప్పుతుందని సునీత ముందే చెప్పి వచ్చింది. పొద్దున గదిలోనే ఇద్దరం ప్రార్థన చేసుకున్నాం. ఆమె ప్రార్థనలో మొగురాలు కూడా ఉన్నాయి. ఎనిమిదింటికి భైంసా బస్సు దొరికింది. దారి పొడవునా పత్తి చేలు. భైంసా బస్టాండు బయట మరాఠీ, ఉర్దూ, తెలుగు కలిసి వినిపిస్తాయి. మేము మాట్లాడిన ఆటో డ్రైవర్ మూడూ ఒకే వాక్యంలో మాట్లాడాడు. పల్లె పేరు ఇక్కడ రాయను. రాస్తే మొగురాలు కొనేవాళ్లు బయలుదేరతారు.

ఇల్లు దూరం నుంచే గుర్తుపట్టాం. అటువైపు ఇళ్లలో ముందు వసారాను ఓసరి అంటారు, మరాఠీ మాట. రోడ్డు నుంచి రెండు చోట్ల నాలుగేసి రాతి మెట్లు, ఛాతీ ఎత్తు రాతి కట్టు, దాని మీద ఇంటి వెడల్పంతా ఓసరి. ముందు వరసలో అయిదు మొగురాలు. ఒక్కో మొగురం పైన అటూ ఇటూ చిలకల్లాగా చెక్కిన కొయ్యలు. వాటి మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే దూలం. అతుకు లేదు. అంత పొడుగు టేకు మాను నేను ఏ ఇంటికీ చూడలేదు. బొమ్మల పుస్తకం తీయడం కూడా మరిచి నిలబడ్డాను.

సునీత మాత్రం ఇంకో విషయం చూసింది. ఓసరిని సరిగ్గా మధ్యకి కోస్తూ ఒక ఇటుక గోడ ఉంది. నిలబడిన మనిషి భుజం దాకా వస్తుంది. ఆ గోడ వచ్చి నడిమి మొగురానికి ఆనింది. గోడకి ఎడమన ఉన్న రెండు మొగురాలకు నీలం రంగు, కుడిన ఉన్న రెంటికీ పచ్చ రంగు. నడిమిది ఎడమ సగం నీలం, కుడి సగం పచ్చ. గీత చాలా నిట్టనిలువుగా వచ్చింది. వేసినవాళ్లు జాగ్రత్తగా వేశారు.

ఎడమ ఓసరి మీద ఒక పెద్దామె జొన్నలు చెరుగుతోంది. కుడి ఓసరి మీద ఇంకొకామె పత్తితో వత్తులు చేస్తోంది. ఇద్దరూ గోడకి చెరోవైపు వీపులు ఆనించి కూర్చున్నారు. గోడ లేకపోతే వీపులు ఆనేవి.

ఎడమవైపు ఆమె లక్ష్మీబాయి, మమ్మల్ని రమ్మన్నది ఆమే. కుడివైపు ఆమె రుక్మాబాయి. ఇద్దరూ యారాళ్లు, అంటే అన్నదమ్ముల భార్యలు. ఇద్దరి భర్తలూ కాలం చేశారు. ఇదంతా మాకు ఆటో డ్రైవర్ చెప్పాడు. మేము అడగలేదు.

"రాండ్రి, రాండ్రి! మొగురాల కోసమేనా?" అని లక్ష్మీబాయి గట్టిగా అడిగింది. మేము ఆమె ఎదురుగానే ఉన్నాం. అంత గట్టిగా అడగవలసిన పని లేదు.

సునీత మెట్లెక్కి మొదటి మొగురాన్ని కౌగిలించుకుంది. "ఎన్ని అమ్ముతరమ్మా?"

"నావి రెండున్నర."

లెక్కల టీచర్ కాబట్టి సునీత ఒక క్షణం ఆగింది. "అర ఎట్ల తీసుకుంటమమ్మా?"

"గా మిగిలిన అర నాది గాదు. గామెను అడగాలె" అని లక్ష్మీబాయి గడ్డంతో గోడ చూపించింది.

గోడ అవతల నుంచి గొంతు వచ్చింది. ఎవరినీ ఉద్దేశించినట్టు లేదు. "ఎవ్వలో వచ్చిండ్రు. ఏం గావాల్నట?"

లక్ష్మీబాయి నాతో, "చెప్పు బిడ్డా, కోతులు పెంకలన్ని వలగ్గొట్టినయి, వానకు ఓసరంత నానుతుంది, మొగురాలు అమ్మి రేకులు ఏయిస్తనంటున్న అని చెప్పు" అంది.

నేను నాలుగు మెట్లు దిగి, పక్కకి నడిచి, అవతలి నాలుగు మెట్లు ఎక్కి రుక్మాబాయికి అదే చెప్పాను. ఆమె అంతా విన్నది, రెండోసారి. "కోతులకు నా పెంక, ఆమె పెంక అని ఎరుకనా? నా దిక్కు గూడ వలిగినయ్. నేనేమన్న అమ్ముతున్ననా? అడుగు" అంది. మళ్లీ దిగి ఎక్కాను. కాసేపటికి నా మోకాలి సంగతి గమనించి సునీత ఆ డ్యూటీ తీసుకుంది.

నేను ఆ తీరికలో దూలాన్ని చూశాను. చూశాక చెప్పక తప్పలేదు. నా మనసులో రెండు మాటలున్నాయి. ఈ మొగురాలు మా తమ్ముడి ఇంటికి వస్తే కోతుల బారి నుంచి, వాన నుంచి బతుకుతాయి. అది నిజం. వస్తే ఈ ఓసరి ఉండదు. అది కూడా నిజం. సునీత కళ్లలో ఆశ చూస్తూ రెండోది చెప్పడం కష్టంగానే అనిపించింది.

"లక్ష్మమ్మా, ఒక మాట. దూలం ఒకటే మాను. మీ దిక్కు మొగురాలు తీస్తే దూలం ఆగదు. మొత్తం కప్పు కూలుతుంది. ఆమె కూర్చున్న దిక్కు కూడా పడుతుంది" అన్నాను.

గోడ అవతల వత్తులు చేయడం ఆగింది. "ఇన్నరా?" అని గాలితో అంది రుక్మాబాయి. "నా మీద పడెయ్యాల్ననే సూస్తుంది."

"అవ్వో! గా మాట నేనెప్పుడన్న రుక్మా?" అంటూ లక్ష్మీబాయి లేచి నిలబడింది.

అవతల రుక్మాబాయి కూడా లేచింది. గోడ భుజం ఎత్తే కాబట్టి రెండు ముఖాలూ ఎదురెదురుగా వచ్చాయి. జొన్నల చేట లక్ష్మీబాయి చేతిలోనే ఉంది. నేను, సునీత చెరో మెట్టు మీద ఆగిపోయాం. గొడవ మొదలవుతుందనుకుని సునీత నా చెయ్యి పట్టుకుంది.

రుక్మాబాయి కొంతసేపు చూసి అంది. "అక్కా, అద్దాలు ఎప్పుడు పెట్టినవ్?"

"నిరుడు. కండ్ల ఆపరేషన్ అయింది నాందేడ్‌ల."

"నాకు చెప్పలే."

"మాటలు లేవు గదా."

"అవు, లేవు" అని రుక్మాబాయి ఒప్పుకుంది. ఇంకాస్త దగ్గరికి వచ్చి చూసింది. "జుట్టు గింత తెల్లవడ్డది. వీధిల దూరం నుంచి సూస్తె గింత కనవడ్తలేదు."

సునీత టీచర్. అడగకూడదని ఆమెకు తోచదు. "మీ ఇద్దరికి కొట్లాట దేనికమ్మా?" అని అడిగేసింది.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. ఆ ప్రశ్న నిజంగానే అర్థం కానట్టు చూశారు.

"మాకా? మాకేం లేదు" అంది లక్ష్మీబాయి.

"మావోళ్లకు అయింది, చేను గట్టు కాడ" అంది రుక్మాబాయి. "గోడ గట్టిండ్రు. గా ఇంటోళ్లతోని మాట్లాడద్దన్నడు మాయన. గీమెకు బావ గట్లనే చెప్పిండు. బంద్ జేసినం."

"మరి వాళ్లు పోయిండ్రు గదా?"

"పోయిండ్రు" అంది లక్ష్మీబాయి. "ముందుగాల మాయన, ఎనుక మరిది." చేటలో జొన్నలు ఒకసారి కదిపింది. "మాట్లాడద్దని చెప్పినోళ్లు పోయిండ్రు బిడ్డా. మల్ల మాట్లాడుండ్రి అని చెప్పెటోళ్లు ఎవ్వలు లేకపాయె."

ఆటో డ్రైవర్ వెళ్లి ఆటో అద్దం తుడవడం మొదలుపెట్టాడు. నేను దూలం వైపు చూస్తూ నిలబడ్డాను. దూలాన్ని అంతసేపు పరీక్షించవలసిన అవసరం లేదు.

ముందు తేరుకున్నది రుక్మాబాయి. "చహా తాగుతవా అక్కా?" అంది. భర్తల కాలంలో ఆగిపోయిన మాట అక్కడి నుంచే అందుకున్నట్టుగా అడిగింది. లోపలికి వెళ్లి అయిదు గ్లాసుల్లో తెచ్చింది. గోడ మీద నుంచి అందించబోతే చెయ్యి చాలలేదు. లక్ష్మీబాయి మునివేళ్లపై నిలబడి అందుకుంది. సగం ఒలికింది.

"గీ గోడ అడ్డం" అంది లక్ష్మీబాయి, అప్పుడే చూసినట్టు.

టీ అయ్యాక జొన్న రొట్టె, మిరపకాయ నూరిన కారం పెట్టారు. రొట్టె ఒకరి ఇంటిది, కారం ఇంకొకరి ఇంటిది. తింటూనే యారాళ్లిద్దరూ మొగురాల సంగతి తేల్చారు. మమ్మల్ని అడగలేదు.

"మొగురాలు తీస్తే నేనేడ ఒరగాలె?" అంది రుక్మాబాయి.

"గదే గదా. ఇద్దరం గల్సి పెంకలు మార్పిస్తే అయిపాయె" అంది లక్ష్మీబాయి. అప్పుడు సునీత వైపు తిరిగింది. "దూరం నుంచి వచ్చినవ్ బిడ్డా. ఏమనుకోకు. అమ్మం."

సునీత ఏమనుకోవాలో అదే అనుకుంది. ఆమె ముఖం నాకు తెలుసు. పాస్టరు గారికి చెప్పిన తేదీ, తమ్ముడితో పడ్డ పంతం, రెండు రోజుల బస్సులు, అన్నీ ఆ ముఖంలో కనబడ్డాయి. కళ్లలో నీళ్లు కూడా వచ్చాయి, కారం వల్లనని చెప్పింది. చెయ్యి కడుక్కుని కొంగు నడుముకి చుట్టింది.

"సరే, మొగురాలు ఇయ్యకుండ్రి. గడ్డపార ఉన్నదా?"

"దేనికి?"

"కనీసం గీ గోడన్న తీసి పోత. ఏదో ఒకటి తియ్యకుండ ఎట్ల పోవాలె?"

యారాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. వద్దని ఎవరూ అనలేదు. గడ్డపార రుక్మాబాయి ఇంట్లో ఉంది. అవసరం పెద్దగా పడలేదు. అన్నదమ్ములు కోపంలో కట్టిన గోడ, సిమెంటు గానీ సున్నం గానీ పెట్టలేదు, వట్టి మట్టితో పేర్చారు. పై వరస ఇటుకలు సునీత చేత్తో ఊపితేనే వచ్చాయి. ఆమె తీసి నాకిచ్చింది, నేను రుక్మాబాయికిచ్చాను, రుక్మాబాయి లక్ష్మీబాయికిచ్చింది, ఆమె అరుగు కింద పేర్చింది. వీధిలో జనం చేరారు. ఒకాయన ఆడవాళ్లు చేసే పనేనా ఇది అని అడిగాడు. అయితే వచ్చి పట్టుమని సునీత అంది. ఆయనకు వేరే పని గుర్తొచ్చింది.

గోడ మోకాలి ఎత్తుకి వచ్చాక లక్ష్మీబాయి చెయ్యి అడ్డం పెట్టింది. "బస్, చాలు. గింత ఉండనియ్యి. చహా గ్లాసులు పెట్టుకోవచ్చు."

దాని మీద ఒక గ్లాసు పెట్టి చూసింది. నిలబడింది. మిగిలిన గోడ అలాగే ఉండిపోయింది.

అప్పుడు ఓసరి ఒక కొసన కూర్చుని బొమ్మ గీసుకున్నాను. అయిదు మొగురాలూ ఒకే చూపులో వచ్చాయి. గోడ ఉంటే వచ్చేవి కావు. రెండింటికి ఆటో ఎక్కాం. ఎక్కేసరికి వెనక నుంచి గొంతులు పెరిగాయి. నడిమి మొగురానికి ఇక ఒకటే రంగు వేయాలని లక్ష్మీబాయి అంటోంది. ఆ రంగు నీలమట. పచ్చ ఎందుకు గాదో చెప్పమని రుక్మాబాయి అడుగుతోంది. ఆటో మలుపు తిరిగేదాకా వినిపించింది.

భైంసాలో నిర్మల్ బస్సు వెంటనే దొరికింది. నిర్మల్ లాడ్జిలో సామాను తీసుకుని నాలుగు గంటలకు ఆర్మూర్ బస్సు ఎక్కాం. సునీత గోళ్లలో ఇంకా ఎర్రమట్టి ఉంది. గోదావరి దాటేదాకా పిన్నుతో అది తీసుకుంటూ కూర్చుంది. దాటాక అంది.

"వదినె, ఆ పెద్దామెకు నిజంగ అమ్మాల్నని ఉండెనా? లేకుంటే గీమెను అడిగెతందుకు ఒక సాకు గావాల్నని మనల్ని పిలిచిందా?"

నాకు తెలియదన్నాను. నిజంగా తెలియదు. పెంకులు పగిలిన మాట మాత్రం నిజం, నేను చూశాను.

ఆర్మూర్‌లో బస్సు మారాం. మెట్‌పల్లి దాటాక చీకటి పడుతుండగా సునీత మా తమ్ముడికి ఫోన్ చేసింది. అతను ముందుగానే గెలిచిన గొంతుతో మాట్లాడుతున్నాడని నాకు పక్క సీట్లోకి వినిపించింది. ఆమె పంతం పట్టలేదు.

"దొరకలే. సిమెంటువే పోయించు" అంది. "గని ఇను. అరుగు జర ఎడల్పు వెట్టు. ఇద్దరు మనుషులు ఎదురెదురు కూసోని కాళ్లు జాపుకోవాలె. నడుమ చాయ్ పెట్టుకునెతందుకు జాగ ఉండాలె."

ఎంత వెడల్పో సరిగ్గా చెప్పమన్నాడు తమ్ముడు. సునీత ఫోన్ నా చేతికిచ్చింది. ఇన్నేళ్లు డ్రాయింగులు గీసిన దాన్ని, అడిగిన వెంటనే ఏ కొలతైనా చెప్పేదాన్ని. ఆ సాయంత్రం మాత్రం, రేపు మేస్త్రీని పిలిచి నేను, సునీత ఎదురెదురుగా నేల మీద కూర్చుని చూపిస్తామని చెప్పాను.